ఆరు కుక్కలు, ఆరు గోనె సంచులు: ఆదివారం శిక్షణ తరగతిని మీరే నడుపుకోవడం ఎలా?

విజయనగరంలో ఆదివారం ఉదయం పూట పెంపుడు కుక్కలనూ వాటి యజమానులనూ ఒకచోట చేర్చి తరగతి నడపడం మొదలుపెట్టినప్పటి నుంచి, బొబ్బిలి, చీపురుపల్లి, నరసన్నపేట, టెక్కలి వైపు వారు నన్ను ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. తమ ఊళ్లో ఇలాంటి తరగతి లేదనీ, విశాఖపట్నం నుంచి వారం వారం శిక్షకుణ్ణి రప్పించుకునే స్తోమత లేదనీ, నాలుగైదు కుటుంబాలు కలిసి తామే చేసుకోవచ్చా అనీ వారి సందేహం. తప్పకుండా చేసుకోవచ్చు. అందుకు కావలసింది ఓపిక, కాస్త ఖాళీ స్థలం, ఆరు వారాల పాటు ఆదివారం తెల్లవారుజామున లేవగలిగే అలవాటు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. కూర్చోవడం, పడుకోవడం కుక్కకు ఇంట్లోనే నేర్పవచ్చు, వాటికోసం నలుగురిలోకి తీసుకురానక్కరలేదు. మా తరగతికి మొదటిసారి వచ్చే వారిలో సగంమంది అనే మాట ఇదే: "ఇంటికాడ సెప్పగానే కూకుంటాది బావూ, ఇక్కడేటో నా మొగమైనా సూడ్డం లేదు." నిజమే, ఇంట్లో చక్కగా మాట వినే కుక్కకు, గేటు దాటి మరో కుక్క కంటపడగానే మన గొంతు వినిపించకుండా పోతుంది. మరో కుక్క ఎదుట ఉన్నా యజమాని మాట చెవిన పెట్టడం నేర్పడానికే ఈ తరగతి. దానికి మన చేతిలో ఉన్న పనిముట్టు దూరం. కుక్కకూ కుక్కకూ మధ్య ఎంత ఎడం ఉంచాలో, దాన్ని ఎప్పుడు తగ్గించాలో తెలిస్తే తక్కినదంతా సాధనతో వస్తుంది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ఒక్కొక్క కుక్కకు ఈ వస్తువులు ఉండాలి.

- మెడకు సాదా బెల్టు. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. పీకే అలవాటున్న కుక్కకు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ మేలు. లాగితే మెడకు బిగిసే గొలుసులనూ, లోపల ముళ్లున్న బెల్టులనూ తరగతికి తీసుకురావద్దు.
- ఆరడుగుల గుడ్డ లీష్, అంటే కుక్కను పట్టుకునే పట్టీ. లాగితే సాగి, బొత్తాం నొక్కితే ఆగే రకం తరగతిలో ప్రమాదకరం. ఇనుప గొలుసు బరువుగా ఉంటుంది, చప్పుడు చేస్తుంది, చేతిని కోస్తుంది.
- కుక్క కూర్చోవడానికి ఒక గోనె సంచి. జూట్ మిల్లు ఉన్న నెల్లిమర్ల మన జిల్లాలోనిదే, సంచి దొరకడం కష్టం కాదు. ఎరువుల సంచి మాత్రం వాడవద్దు.
- ముక్కలుగా కోసిన తాయిలం ఒక పిడికెడు. ఉడికించిన కోడిమాంసం గానీ కార్జం గానీ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. శాకాహారులైతే పనీరు, ఉడికించిన చిలగడదుంప ఇవ్వవచ్చు. ముక్క శనగగింజ కంటే పెద్దది కాకూడదు. ఉప్పు, కారం, మసాలా తగలకూడదు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం. ప్రసాదంలోని కిస్‌మిస్‌ను ముద్దుగా పెట్టేవారు దీన్ని గమనించాలి.
- నీళ్ల సీసా, దాని సొంత గిన్నె. ఒకే గిన్నెలో అన్నింటికీ నీళ్లు పెడితే దగ్గు జబ్బులు ఒకదాని నుంచి మరొకదానికి సోకుతాయి.
- మలం ఎత్తడానికి పాత వార్తాపత్రికలు, ఒక సంచి. మైదానం మురికి చేశారన్న మాట వచ్చిందంటే మరుసటి వారం మీకు ఆ చోటు ఉండదు.

అందరికీ కలిపి ముప్పై అడుగుల నూలు తాడు ఒకటి, బకెట్‌తో నీళ్లు, రెండు దళసరి దుప్పట్లు, కాపలాకు ఒక సహాయకుడు ఉండాలి. నైలాన్ తాడు వద్దు. కుక్క పరిగెత్తినప్పుడు అది అరచేతిని కాలుస్తుంది.

1. టీకాలు చూశాకే పేరు రాసుకోండి

టీకాల పుస్తకం చూడకుండా ఏ కుక్కనూ చేర్చుకోవద్దు, అది మీ తోడబుట్టిన వాళ్లదైనా సరే. రేబిస్ టీకా మొదటి మోతాదు మూడు నెలల వయసులో వేస్తారు, ఆపై వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ వేయించాలి. పార్వో, డిస్టెంపర్ అనే అంటుజబ్బుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాల వయసు దాకా సాగుతాయి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి, ఈ టీకాలు పూర్తికాని కుక్కపిల్లను వీధికుక్కలు తిరిగే మైదానంలో దించకూడదు.

అలాగని దాన్ని నాలుగు గోడల మధ్యే ఉంచితే మరో నష్టం ఉంది. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం వరకు కుక్కపిల్ల కొత్త మనుషులనూ కొత్త చప్పుళ్లనూ సులువుగా ఒప్పుకుంటుంది, ఆ వయసు దాటాక భయం ఎక్కువవుతుంది. అందుకని చిన్న కుక్కపిల్లలను ఎత్తుకుని వచ్చి, మైదానం అంచున ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూపించండి. లేదా టీకాలు నడుస్తున్న రెండు మూడు పిల్లలకు, కడిగి ఆరబెట్టిన మేడ మీద విడిగా తరగతి పెట్టండి.

ఏటా జూలై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. మీ తరగతి వానకాలంలో మొదలయ్యేదైతే అందరూ కలిసి ఆ రోజునే వెళ్లి వేయించుకురండి.

ఎదకు వచ్చిన ఆడకుక్కను ఆ మూడు వారాలూ తీసుకురావద్దు. దాని యజమాని మాత్రం కుక్క లేకుండా వచ్చి చూసి, ఇంటికి వెళ్లి నేర్పుకోవచ్చు. మనిషినో కుక్కనో రక్తం వచ్చేలా కరిచిన చరిత్ర ఉన్న కుక్కను ఇలాంటి సొంత తరగతిలో చేర్చుకోవద్దు. ముందు పశువైద్యుడికి చూపించాలి, ఎందుకంటే నొప్పి వల్ల కరిచే కుక్కకు శిక్షణ మందు కాదు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల వారు అక్కడ విచారించవచ్చు.

2. సంఖ్య, చోటు, వేళ

ఆరు కుక్కలకు మించవద్దు. నా మొదటి తరగతికి పద్నాలుగు కుక్కలను రమ్మన్నాను, ఎవరినీ కాదనలేక. పదో నిమిషంలో ఒక ల్యాబ్ (ల్యాబ్రడార్) కుక్క లీష్ పక్కనున్న పెద్దావిడ కాళ్లకు చుట్టుకుని ఆమె ముందుకు పడిపోయింది, మణికట్టు బెణికి నెల రోజులు బాధపడింది. ఆ తప్పు పూర్తిగా నాది. అప్పటి నుంచి ఏడో కుక్కకు తరువాతి జట్టులోనే చోటు.

చుట్టూ ప్రహరీ, ఒకటే గేటు ఉన్న స్థలం వెతకండి. ఆదివారం మూసి ఉండే బడి ఆవరణ, ఇళ్లు కట్టని లేఅవుట్, కళ్యాణ మండపం వెనుక ఖాళీ జాగా అనువుగా ఉంటాయి. పెద్దల అనుమతి ముందే తీసుకోండి. విజయనగరం అయోధ్యా మైదానం లాంటి చోట ఉదయం నడకకు వచ్చేవారూ, ఆడుకునే పిల్లలూ ఉంటారు కాబట్టి మొదటి నాలుగు వారాలకు అది తగదు. కనీసం అరవై అడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు కావాలి. మధ్యలో ఒక గుంజ పాతి, ఇరవై అడుగుల తాడు కట్టి గుండ్రంగా గీత గీస్తే, ఆ వలయం మీద ఆరు సంచులను పరిచినప్పుడు సంచికీ సంచికీ మధ్య దాదాపు ఇరవై అడుగులు వస్తుంది. మొదటి వారానికి ఈ ఎడం కావాలి.

ఉదయం ఆరింటికి మొదలుపెట్టి ఆరూ ముప్పావుకల్లా ముగించండి. ఏప్రిల్, మే నెలల్లో అరగంట ముందుకు జరపండి. బయలుదేరే ముందు నేల మీద మీ అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదం కూడా ఓర్చుకోలేదు. చప్పిడి ముక్కు ఉన్న పగ్, షిట్జు రకాలు వేడికి త్వరగా సొమ్మసిల్లుతాయి. నాలుక బాగా బయటికి చాచి ఆగకుండా రొప్పడం, చొంగ చిక్కగా కారడం, చిగుళ్లు ఎర్రబడడం, తూలడం కనిపిస్తే తరగతి ఆపి, నీడలోకి చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. నీళ్లు పోయడం ఇక్కడే మొదలుకావాలి, ఆసుపత్రికి చేరేదాకా ఆగకూడదు.

3. కుక్కలు లేకుండా ఒక సమావేశం

దీన్ని చాలామంది దాటవేస్తారు. దయచేసి దాటవేయవద్దు. తరగతి మొదలయ్యే ఆదివారానికి ముందటి వారం శనివారం సాయంత్రం, ఆరు కుటుంబాల వారూ, ఇంట్లో కుక్కకు అన్నం పెట్టే వారితో సహా కూర్చుని, ఏ పనికి ఏ మాట వాడాలో తేల్చుకోండి. ఒకే ఇంట్లో మామ్మగారు "కూకో" అంటే, కోడలు "కూర్చోవే" అంటే, మనవడు "సిట్" అంటే, కుక్క ఆ మూడింటినీ వదిలేసి ఎవరి చేతిలో బిస్కెట్ ఉందో చూడడం నేర్చుకుంటుంది.

మాటలు ఎంచుకునేటప్పుడు మన భాషకే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. పిలవడానికి చాలామంది "రా" అంటారు. ఆ "రా" మన మాటల్లో రోజుకు వందసార్లు దొర్లుతుంది: ఏంరా, ఒరేయ్ ఇటు చూడరా, వాడు రాలేదురా. ప్రతిసారీ అదే శబ్దం వినిపిస్తూ, తనకు సంబంధం లేదని తేలుతూ ఉంటే, ఆ మాటను పట్టించుకోకపోవడమే కుక్కకు అలవాటవుతుంది. "వద్దు", "ఉండు", "సరే", "ఓకే" కూడా ఇలాగే అరిగిపోయిన మాటలు. మా తరగతిలో వాడే మాటలు ఇవి: కూర్చోవడానికి "కూచో", పడుకోవడానికి "డౌన్", కదలకుండా ఉండడానికి "స్టే", పక్కన నడవడానికి "పద", నోట్లోది వదలడానికి "వదిలెయ్", పిలవడానికి "వచ్చేయ్", పని ముగిసిందని చెప్పడానికి "ఛలో". ఇంగ్లీషు మాటలు కొన్ని కలిసినందుకు నొచ్చుకోనక్కరలేదు, ఇంట్లో తక్కువగా వినబడే మాటే కుక్కకు స్పష్టమైన మాట.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మెచ్చుకోలు మాట. కుక్క మీరు కోరిన పని చేసిన ఆ క్షణంలోనే "భేష్" అని, ఆ వెంటనే ముక్క ఇవ్వాలి. ఆలస్యం రెండు సెకన్లు దాటితే, కూర్చున్నందుకు కాక లేచి నిలబడ్డందుకు మెచ్చుకున్నట్టు అవుతుంది. సమావేశంలోనే ఒకరు బంతిని ఎగరేస్తూ ఉంటే, అది నేలను తాకిన క్షణంలో తక్కినవారు "భేష్" అనడం సాధన చేయండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా పడేవరకు చేయాలి.

4. గోనె సంచిని ఇంట్లో అలవాటు చేయండి

మొదటి ఆదివారానికి కనీసం వారం ముందు, సంచిని నాలుగు మడతలు వేసి ఇంట్లో పరచండి. కుక్క దాని మీద ఒక్క కాలు పెట్టినా "భేష్" అని ముక్కను సంచి మీదే వేయండి. రెండో రోజు నాలుగు కాళ్లు పెడితేనే ఇవ్వండి, మూడో రోజు పడుకుంటేనే ఇవ్వండి. సంచిని ఉతకవద్దు. ఇంటి వాసన, తన వాసన పట్టిన ఆ సంచి కొత్త మైదానంలో దానికి సొంత చోటవుతుంది. రోజుకు మూడు పూటలా ఐదేసి నిమిషాలు చాలు, అన్నానికి ముందు చేస్తే మరీ మంచిది.

5. మొదటి ఆదివారం: ఏమీ నేర్పని రోజు

ఆ రోజు ఉదయం కుక్కకు ఆహారం పెట్టకుండా తీసుకురండి, నీళ్లు మాత్రం తాగనివ్వండి. కుక్కలన్నీ ఒకేసారి గేటులోకి రాకూడదు. సహాయకుడు గేటు దగ్గర నిలబడి, రెండేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కరినే లోపలికి పంపాలి. ఎవరి సంచి మీదికి వారు నేరుగా వెళ్లిపోవాలి. దారిలో పలకరింపులు ఉండకూడదు, మనుషులకైనా కుక్కలకైనా.

ఇక ఆ అరగంటా చేసేది ఒక్కటే పని. కుక్క పేరు ఒక్కసారి పిలవండి, మీ వైపు చూసిందా "భేష్", ముక్క. చూడలేదా, ఊరుకోండి. రెండోసారి పిలవవద్దు. మొరిగే కుక్కను గదమాయించవద్దు, సంచిని పదడుగులు వెనక్కి జరపండి. ఎంత దూరం చాలుతుందో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది: ముక్కు ముందు పెట్టిన కార్జం ముక్కను కూడా వాసన చూడకుండా వదిలేస్తోందంటే, అక్కడ అది నేర్చుకునే స్థితిలో లేదు. ముక్క తీసుకునేదాకా వెనక్కి వెళ్లండి.

మా తరగతికి వచ్చిన ఒక ఊరకుక్క ఈ పాఠాన్ని నాకు గట్టిగా నేర్పింది. చెవులు వెనక్కి వాల్చి, తోక పొట్ట కిందకు ముడిచి, సంచి అంచున వణుకుతూ నిలబడింది. వెనక్కి జరిపాము, ఇంకా జరిపాము, చివరికి గేటు బయట ఆగి ఉన్న ఆటో చాటుకు తీసుకువెళ్లాము. ఆటో చక్రం పక్కనుంచి తక్కిన ఐదు కుక్కలనూ తొంగిచూస్తూ నిలబడిన ఆ కుక్క, పావుగంట తరువాత ఒక్కసారి ఒళ్లు దులుపుకుని, యజమాని చేతిలోని ముక్క తిని, సంచి మీద కూర్చుంది. మూడు వారాలు అది ఆటో చాటు నుంచే పాఠం విన్నది. నాలుగో వారం వలయంలోకి వచ్చింది. భయపడే కుక్కను బలవంతంగా మధ్యకు లాగి "అలవాటు" చేయాలని చూసేవారు దాని భయాన్ని పెంచుతున్నారు.

ఆవలింత, పెదవులు నాకడం, తల పక్కకు తిప్పుకోవడం ఇబ్బందికి తొలి గుర్తులు. ఒళ్లు కర్రలా బిగుసుకుని, రెప్ప వాల్చకుండా చూడడం ప్రమాద సూచన. తోక ఊపితే సంతోషమేనన్న నమ్మకాన్ని వదులుకోండి. నిటారుగా లేచి బిగువుగా ఊగే తోక కయ్యానికి ముందు కూడా కనిపిస్తుంది.

6. రెండో ఆదివారం: కూచో, డౌన్

ముక్కను ముక్కు దగ్గర పెట్టి నెమ్మదిగా తల మీదుగా వెనక్కి తీసుకువెళ్తే, కుక్క తల పైకెత్తి వెనుక భాగం నేలకు ఆనిస్తుంది. ఆనిన క్షణంలో "భేష్". ఐదారుసార్లు సరిగా వచ్చాక మాత్రమే, చేయి కదపడానికి ముందు "కూచో" అనండి. చాలామంది మాటను ముందు నేర్పబోతారు. కుక్కకు పని తెలిశాక మాట అతుక్కోవాలి. నడుం మీద నొక్కి కూర్చోబెట్టవద్దు, ముఖ్యంగా ల్యాబ్‌లకు, అల్సేషియన్లకు తుంటి కీళ్ల బాధలు తరచుగా వస్తుంటాయి.

కూర్చున్న కుక్క ముక్కు నుంచి ముక్కను నిలువుగా నేలకు దించి, అక్కడి నుంచి కొద్దిగా ముందుకు జరిపితే పడుకుంటుంది. లేచి నిలబడితే ముక్క ఇవ్వకుండా మళ్లీ మొదలుపెట్టండి. నేల తడిగా ఉంటే కొన్ని కుక్కలు పడుకోవు, సంచి మీద చేయించండి.

7. మూడో ఆదివారం: పక్కన నడవడం

లీష్ బిగుసుకోగానే చెట్టులా ఆగిపోండి. కుక్క వెనక్కి తిరిగి చూసి లీష్ వదులయ్యాక మాత్రమే అడుగు వేయండి. మీ పక్కన ఉన్నంతసేపూ, మొదట్లో రెండడుగులకొకసారి, తొడ పక్కనే ముక్క ఇవ్వండి. ఆగినా లాగుతూనే ఉండే కుక్కతో, ఆగడానికి బదులు వెనుదిరిగి రెండో వైపు నడవండి.

తరగతిలో ముగ్గురు మాత్రమే నడవాలి, ముగ్గురు సంచుల మీద ఉండాలి. అందరూ ఒకే దిశలో నడవండి. ఎదురెదురుగా నడవడం ఈ వారం వద్దు. లీష్‌ను చేతికి చుట్టుకోవద్దు, పెద్ద కుక్క ఒక్కసారి దూకితే వేళ్లు విరుగుతాయి. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మిగిలిన తాడును అరచేతిలో మడతలుగా పట్టుకోండి.

8. నాలుగో ఆదివారం: స్టే

ఇందులో మూడు అంశాలున్నాయి: ఎంతసేపు, మీరు ఎంత దూరంలో, చుట్టూ ఎంత అలజడి. ఒక్కసారికి ఒక్కటే పెంచండి. మొదట మీరు ఎదుటే నిలబడి మూడు సెకన్లు, ఐదు, పది, ఇరవై. ఆపై ఒకడుగు వెనక్కి వెళ్లండి, కానీ సమయాన్ని మళ్లీ మూడు సెకన్లకు దించండి. ముక్కను ఎప్పుడూ మీరే తిరిగి వచ్చి దాని సంచి మీద ఇవ్వాలి. దాన్ని మీ దగ్గరికి రప్పించుకుని ఇస్తే, లేవడానికే జీతం ఇచ్చినట్టు. "ఛలో" అన్నాకే అది లేవాలి.

లీష్ మాత్రం చేతి నుంచి వదలకూడదు, ఎంత బుద్ధిమంతురాలైన కుక్కైనా సరే.

9. ఐదో ఆదివారం: వచ్చేయ్

ఆరు పాఠాల్లో ప్రాణం కాపాడే పాఠం ఇదే. దీపావళి బాణసంచాకు బెదిరి గేటు దాటిన కుక్క, జాతీయ రహదారి వైపు పరిగెత్తే కుక్క, తాడు లేనప్పుడు మీ పిలుపుకే ఆగాలి. అందుకే ఈ మాటకు మాత్రం ఒక్క ముక్క చాలదు, వచ్చిన ప్రతిసారీ నాలుగైదు ముక్కలు ఒకదాని తరువాత ఒకటిగా ఇవ్వండి.

ముప్పై అడుగుల తాడును హార్నెస్‌కు కట్టండి; మెడ బెల్టుకు కడితే పరుగు చివర మెడ విరిగేంత కుదుపు తగులుతుంది. ఒక కుక్క మాత్రమే వలయం మధ్యలో ఉండాలి. సహాయకుడు దాన్ని పట్టుకుని ఉండగా, మీరు పదడుగులు పరిగెత్తి, కిందికి వంగి, ఉత్సాహంగా ఒక్కసారే "వచ్చేయ్" అనండి. రాకపోతే మళ్లీ పిలవకుండా, వెనుదిరిగి దూరంగా పరిగెత్తండి. చాలా కుక్కలు వెంటపడతాయి. వచ్చాక బెల్టు పట్టుకుని, ముక్కలిచ్చి, మళ్లీ ఆటకు వదిలేయండి. పిలిచిన ప్రతిసారీ కట్టేస్తే, పిలుపు అంటే ఆట ముగియడమని అర్థం చేసుకుంటుంది. స్నానానికీ, సూదికీ, తిట్టడానికీ ఈ మాట ఎన్నడూ వాడవద్దు. అవసరమైతే మీరే వెళ్లి తీసుకురండి.

తాడు లేకుండా బయట ప్రయత్నించడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది. నాగావళి ఇసుకలోనైనా, పెద్దచెరువు గట్టు మీదైనా తాడు ఉండవలసిందే.

10. ఆరో ఆదివారం: ఎదురెదురుగా దాటడం

రెండు కుక్కలు ఇరవై అడుగుల ఎడంతో ఎదురెదురుగా నడిచి, ఒకదాన్నొకటి దాటి పోవాలి. యజమానులు లోపలి వైపు, కుక్కలు బయటి వైపు ఉండాలి. రెండూ యజమాని ముఖం చూస్తూ దాటితే పదిహేను అడుగులకు, తరువాత పదికి తగ్గించండి. ఏదైనా ఒకటి బిగుసుకుంటే మళ్లీ ఐదడుగులు పెంచండి. ముక్కు ముక్కు తాకించే పరిచయాలు మా తరగతిలో చివరి రోజున కూడా ఉండవు. బిగిసిన లీష్‌ల మధ్య జరిగే ఆ పలకరింపే సగం కొట్లాటలకు మూలమని నా అనుభవం.

గొడవ జరిగితే

మధ్యలో చేయి పెట్టవద్దు, బెల్టు పట్టుకోబోవద్దు. సొంత యజమానినే కుక్క ఆ ఊపులో కరుస్తుంది. బకెట్ నీళ్లు ముఖాల మీద కొట్టండి, లేదా దుప్పటిని రెండింటి మధ్య వేయండి. విడిపోకపోతే ఇద్దరు మనుషులు ఒకేసారి చెరో కుక్క వెనుక కాళ్లు పట్టుకుని వెనక్కి నడవాలి. మనిషికి పన్ను గీత పడినా సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కరిచిన కుక్కకు టీకా ఉందన్న ధైర్యంతో మానవద్దు. పసుపు, కారం, సున్నం పూయవద్దు.

వీధికుక్కలు ప్రహరీ దూకి వస్తే రాళ్లు వేయవద్దు. తరగతి ముందు సహాయకుడు గేటుకు దూరంగా వాటికి అన్నం పెడితే చాలావరకు అక్కడే ఉండిపోతాయి. మీ కుక్కల ముందు మీరు రాయి ఎత్తితే, మరో కుక్క రావడమంటే గొడవేనని అవి నేర్చుకుంటాయి.

తరచుగా చూసే పొరపాట్లు

ఒకే మాటను నాలుగైదుసార్లు అనడం అన్నిటికంటే ఎక్కువ. "కూచో, కూచో, కూచోవే" అంటే కుక్కకు మూడోసారి అన్నప్పుడే కూర్చోవాలని అర్థమవుతుంది. ఒక్కసారి అని, ఐదు సెకన్లు ఆగి, కాకపోతే దూరం పెంచి మళ్లీ ప్రయత్నించండి.

గుర్రుమన్నందుకు కొట్టడం మరింత ప్రమాదం. గుర్రు అనేది హెచ్చరిక, దాన్ని దెబ్బలతో అణిచేస్తే ఆ కుక్క హెచ్చరించకుండా కరవడం నేర్చుకుంటుంది. కుక్కను కొట్టడం, హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ఆదివారం తరగతికి వచ్చి, వారమంతా గొలుసుతో కట్టేసి ఉంచడం మరో పొరపాటు. నలభై ఐదు నిమిషాల్లో కుక్క నేర్చుకునేది కొంచెమే, ఇంట్లో రోజూ చేసే పదిహేను నిమిషాలే దాన్ని నిలబెడతాయి. రోజంతా కట్టేసిన కుక్క మైదానానికి వచ్చాక లాగదా? తరగతికి వచ్చే ముందు పావుగంట నడిపించి తీసుకురండి.

ఇంట్లో ఒక్కరే శిక్షణ ఇవ్వడం కూడా మంచిది కాదు. నాన్నగారి మాటే వినే కుక్క, ఆయన ఊళ్లో లేని రోజున ఎవరికీ అందదు. మూడో వారం నుంచి ఇంట్లో మరొకరు కూడా లీష్ పట్టుకోవాలి.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి?

మనకు అనిపించడాన్ని నమ్మకూడదు. ఒక నోటుపుస్తకంలో రోజూ ఒక పనిని పదిసార్లు చేయించి, మొదటి మాటకే ఎన్నిసార్లు చేసిందో రాయండి. ఎనిమిదికి తగ్గకుండా వస్తే దూరమో, సమయమో, అలజడో కొద్దిగా పెంచండి. ఆరు, ఏడు వస్తే అక్కడే ఉండండి. ఐదు లేదా అంతకంటే తక్కువైతే ఒక మెట్టు దిగండి. దిగినందుకు చిన్నబోవలసిన పని లేదు, మా తరగతిలో ప్రతి కుక్కా ఏదో ఒక వారం దిగుతుంది.

ఆరో ఆదివారం చివర ఈ నాలుగు చూడండి. పది అడుగుల దూరంలో మరో కుక్క దాటుతుండగా లీష్ బిగుసుకోకుండా ఇరవై అడుగులు నడవాలి. తక్కిన ఐదు కుక్కలూ ఉండగా సంచి మీద ఒక నిమిషం "స్టే"లో ఉండాలి. పొడవు తాడు మీద ముప్పై అడుగుల నుంచి ఒక్క పిలుపుకు రావాలి. నేల మీద పడిన బిస్కెట్‌ను "వదిలెయ్" అనగానే వదలాలి. నాలుగో పనిని ఇంట్లో మొదటి వారం నుంచే మూసిన పిడికిలితో నేర్పండి: పిడికిలిని నాకి, గీరి, విసిగి ముక్కు వెనక్కి తీసుకున్న క్షణంలో "భేష్" అని రెండో చేతిలోని ముక్క ఇవ్వండి.

నాలుగూ వచ్చిన కుక్కను వారపు రోజున ఉదయం ఆరున్నరకు, అంగళ్లు తెరవక ముందు, విజయనగరం గంటస్తంభం దగ్గర పావుగంట నడిపించండి; శ్రీకాకుళం వారికి ఏడు రోడ్ల కూడలి దగ్గర అదే వేళ సరిపోతుంది. వెంట సంచి తీసుకువెళ్లి ఒక పక్కన పరచి కూర్చోబెట్టండి. పాల వ్యాన్, చెత్త బండి, సైకిల్ గంట వినిపించిన ప్రతిసారీ మీ వైపు చూస్తే ముక్క ఇవ్వండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం నాటి జనంలోకి మాత్రం ఏ కుక్కనూ, ఎంత శిక్షణ పొందినదాన్నైనా, తీసుకువెళ్లవద్దు. ఆ రోజు దానికి లోపలి గది, దాని సంచి, నీళ్ల గిన్నె ఉంచి తలుపు వేయండి.

ఈ నాలుగింటిలో రెండో, మూడో పనులు రాని కుక్క మళ్లీ మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టనక్కరలేదు. తరువాతి జట్టులో నాలుగో వారం నుంచి చేరితే సరిపోతుంది. ఆ మూడు వారాల్లో ఇంట్లో నోటుపుస్తకం మాత్రం ఆపవద్దు, సంచి కూడా ఉతకవద్దు.